అమ్మ వైపు, నాన్న వైపు వంశవృక్షాలు ఒకే ఫైల్లో పెట్టాలా, విడివిడిగానా?

చంద్రగిరి కోట:
అందరికీ నమస్కారం. గ్రాంప్స్ అనే వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లో నాన్న వైపుకి ఒక ట్రీ, అమ్మ వైపుకి ఒక ట్రీ పెట్టుకున్నా. సంక్రాంతికి వచ్చిన మా చిన్నాన్న కొడుకు అమ్మ వైపు ట్రీ తెరిచి ఉండగానే నాన్న వైపు జెడ్‌కామ్ ఫైలు (GEDCOM, వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపుకునే ఫైలు) ఇంపోర్ట్ చేసేశాడు. ఇంపోర్ట్ చేస్తే ఇక వెనక్కి తీసుకోలేరని అది ముందే అడుగుతుంది, వాడు చదవకుండా నొక్కేశాడు. ఇప్పుడు అందులో మా నాన్న ఇద్దరు, నేను ఇద్దరు. పాత బ్యాకప్ ఉంది కాబట్టి సరిపోయింది. ఇకమీదట ఒకే ఫైలు చేసేయమంటారా, విడిగానే ఉంచమంటారా?

పుత్తూరు అక్క:
ఒకటే చేసేయి తమ్ముడూ. మనలో మేనరికాలు ఎన్ని! మా అమ్మమ్మ, మా నాయనమ్మ వదినా మరదళ్లు. విడి ఫైళ్లు పెడితే సగం మంది రెండు చోట్లా ఉంటారు, ఒక చోట చనిపోయిన తేదీ రాస్తాం, రెండో చోట ఆ మనిషి బతికే ఉంటాడు. కలగాపులగం అయ్యేది అక్కడే. ఒక మనిషికి ఒకే రికార్డు ఉంటే చాలు.

అలిపిరి మెట్లు:
నాదీ అదే మాట. ఒకే ఫైలు.

పాలమనేరు పెద్దాయన:
నేను ఒప్పుకోను. ఒకే ఫైలు పెడితే ఒక్క తప్పుతో మొత్తం పోతుంది. జెడ్‌కామ్‌లో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది, రెండు ఫైళ్లలోనూ ఒకటో నంబరు ఎవరో ఒకరికి ఉంటుంది, నంబరు కలిసిందని ఒకే మనిషి అనుకుని కలిపేసినవాళ్లను చూశాను. పేరు చూసి కలిపినా అంతే. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లు మనవి, మునిరత్నం అనే పేరు మా వీధిలోనే ఇంటికొకటి ఉంది. విడిగా ఉంచితే కనీసం ఒకటైనా మిగులుతుంది.

తిరుచానూరు మాస్టారు:
అసలు ఫైలు పేర్లు సరిగా పెడితే ఈ గొడవే రాదు. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ. అప్పుడు ఫోల్డర్లో వరసగా కూర్చుంటాయి. మనవాళ్లు ‘ఫైనల్’ అని పెడతారు, మర్నాడు ‘ఫైనల్ కొత్తది’ అని పెడతారు, ఏది తెరవాలో దేవుడికే తెలియాలి.

పుత్తూరు అక్క:
మాస్టారూ, పేరు బాగానే ఉన్నా లోపల ఏ ట్రీ తెరిచి ఉందో చూడకపోతే ఏం లాభం? ఇంపోర్ట్ అంటే తెరిచి ఉన్నదాంట్లోకి పోయడమే. బయటనుంచి ఏ ఫైలు వచ్చినా ముందు ఖాళీ ట్రీ ఒకటి కొత్తగా పెట్టి అందులోకి తీసుకుని చూడాలి. ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్ అయినవాటికి ట్యాగ్ పెట్టమనే వీలుంది, అది ఆన్ చేస్తే తర్వాత ఏవి కొత్తగా వచ్చాయో తెలుస్తుంది.

తిరుచానూరు మాస్టారు:
అయినా తేదీ ముందు ఉండాలి.

నగరి బస్సు:
మా తిరుత్తణి బంధువులు పంపిన ఫైల్లో అందరికీ ఇంటిపేరు బదులు ఇనిషియల్. 1960లో తిరుత్తణి మద్రాసు వైపు పోయాక అక్కడ మావాళ్లు ఇంటిపేరు రాయడం మానేశారు. మా ఫైల్లో అదే మనిషికి ఇంటిపేరు ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లను వేరేవాళ్లు అనుకుంది. ఊర్లదీ అదే తంతు, ఒకే చంద్రగిరిని 1911కి ముందు ఉత్తర ఆర్కాటు అని ఒకరు, చిత్తూరు జిల్లా అని ఒకరు, 2022 తర్వాత తిరుపతి జిల్లా అని ఇంకొకరు రాస్తే మూడు ఊళ్లయి కూర్చున్నాయి.

అలిపిరి మెట్లు:
పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఫైలు తీసేటప్పుడు అక్షరాల ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను కూడా దాచగలిగే పద్ధతి) ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులే. ఫొటోలు కూడా జెడ్‌కామ్‌లో రావు, అవి ఏ ఫోల్డర్లో ఉన్నాయన్నదే వస్తుంది.

పాలమనేరు పెద్దాయన:
ఇవన్నీ సరే. అక్కగారు ఒకే ఫైలు అంటున్నారు, అది ఎవరి దగ్గర ఉండాలి? దానికి ఎవరూ జవాబు చెప్పరు.

పుత్తూరు అక్క:
ఎవరో ఒకరి దగ్గర. ఇంట్లో ఓపికున్నవాళ్ల దగ్గర. దానికి ఇంత పట్టుదల ఎందుకండీ? మీలాంటి పెద్దవాళ్లు ఫైలు చేతిలో పెట్టుకుని ఎవరికీ ఇవ్వకపోవడం వల్లే కదా పిల్లలు దొంగచాటుగా కాపీలు చేసుకుని అన్నీ కలిపేస్తున్నారు!

పాలమనేరు పెద్దాయన:
అమ్మా, మాట జాగ్రత్త. నేను ఇచ్చాను. మా అన్న కొడుకు అడిగితే మొత్తం ఇచ్చాను, తాతల నాటి దస్తావేజులు చూసి, కాణిపాకం, అరగొండ తిరిగి ముసలివాళ్లను అడిగి రాసుకున్నదంతా. ఆర్నెల్లకు ‘అప్‌డేట్ చేశాం, ఇకమీదట అందరూ ఇదే వాడాలి’ అని గ్రూపులో పెట్టారు. తెరిచి చూస్తే నాకు ఒక్కడే కొడుకు. మా అమ్మాయి లేదు. తను ఇష్టపడి వేరే కులంలో చేసుకుంది, పదేళ్ల పైమాట. అల్లుడు లేడు, మనవరాలు లేదు. అడిగితే ‘ఫైళ్లు కలిపేటప్పుడు ఎక్కడో పోయుంటుందిలే బాబాయ్’ అన్నాడు. ఫైళ్లు కలిస్తే మనుషులు ఇద్దరవుతారు, మా పిల్ల ఒక్కతే ఎట్లా పోతుంది? నా దగ్గర విడి ఫైలు ఉంది కాబట్టి తను ఉంది. అదీ నా పట్టుదల.

నగరి బస్సు:
అయ్యో.

చంద్రగిరి కోట:
పెద్దాయన గారూ, నేను అడిగింది సాఫ్ట్‌వేర్ గురించే అనుకున్నా. మా చిన్నాన్న వాళ్లతో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి, మా ఇంట్లోనూ అలాంటి పెళ్లి ఒకటుంది.

పుత్తూరు అక్క:
పెద్దాయన గారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒకే ఫైలు అన్నదాన్ని మాత్రం వదలను, ఎందుకంటే ఇప్పుడు మీ మనవరాలు పెద్దయి వెతుక్కుంటే గ్రూపులో తిరుగుతున్న ఫైలే దొరుకుతుంది, మీ కంప్యూటర్లో ఉన్నది దొరకదు. అసలుది మీ దగ్గరే ఉండనీండి. మిగతావాళ్లకు కాపీ వెళ్లాలి, వాళ్ల మార్పులు ఫైలుగా కాకుండా కాగితం మీదో వాట్సాప్‌లోనో రావాలి, మీరు చూసి మీ చేత్తో ఎక్కించాలి. ఎవరినైనా తీసేయమంటే కారణం అందరి ముందూ చెప్పాలి.

పాలమనేరు పెద్దాయన:
మా అన్న దానికి ఒప్పుకోడు.

పుత్తూరు అక్క:
ఒప్పుకోకపోతే అమ్మాయి ఉన్న కాపీని మీరే గ్రూపులో పెట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు తీసేశారో అందరికీ తెలుస్తుంది.

పాలమనేరు పెద్దాయన:
ముందు మా అమ్మాయిని అడగాలి. తన పేరు మీద మళ్లీ రచ్చ కావడం తనకు ఇష్టమో కాదో. తను సరే అంటేనే పెడతా. అంతవరకు నా ఫైలు విడిగానే ఉంటుంది.