గుండ్రని గొయ్యి ఉల్కాబిలమేనని తేల్చేది ఏమిటి?

ప్రశ్న: గొయ్యి గుండ్రంగా ఉన్నంత మాత్రాన అది ఉల్కాపాతం వల్లే ఏర్పడిందని భూవిజ్ఞానులు ఒప్పుకోరు కదా, మరి అగ్నిపర్వత బిలం నుంచి దానిని వేరుచేసే తిరుగులేని ఆధారం ఏమిటి?

మొదటి సమాధానం: ఆకారం కన్నా రాయే ముఖ్యం. ఉల్కాబిలంలోని, క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్న శిలను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, రేణువుల్లో గీత గీసినంత తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా, అతి సన్నని పొరలు పలు దిశల్లో కనిపిస్తాయి. అగ్నిపర్వతాలు పుట్టించలేని పీడనం ఒక్కసారిగా తాకినప్పుడే అవి ఏర్పడతాయి కనుక, నా దృష్టిలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

రెండో సమాధానం: అతి ఎక్కువ పీడనంలో క్వార్ట్జ్ మారి ఏర్పడే కోయెసైట్ అనే ఖనిజాన్నీ చేర్చాలి. అరిజోనాలోని సుమారు 1.2 కిలోమీటర్ల వెడల్పున్న బిలంలో 1960లో ఆ ఖనిజాన్ని గుర్తించాక, ఆ బిలం ఆవిరి పేలుడు వల్ల ఏర్పడిందన్న పాత వాదన నిలబడలేదు.

ప్రశ్న: కోతకు గురై గొయ్యే చెరిగిపోతే?

మొదటి సమాధానం: దక్షిణాఫ్రికాలోని వ్రెడెఫోర్ట్‌లో సుమారు 200 కోట్ల ఏళ్ల కోత తర్వాత కూడా, ఉల్క తాకిడికి ఏర్పడిన, గుర్రపు తోకలా విచ్చుకున్న గీతలతో కూడిన శంకువు ఆకారపు పగుళ్లు శిలల్లో స్పష్టంగా ఉన్నాయి.