ఐఎంఎస్ నేర్చుకుంటున్నాను: కల్లూరు మండలం అడిగితే తరువాతి మండలం గ్రామాలు ఎందుకు వస్తున్నాయి?

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఎంసీఏ పూర్తిచేసి, ఇంటి నుంచే పనిచేసే ఒక మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టులో ఈ మధ్యనే చేరాను. కోబాల్ భాష, జేసీఎల్ (జాబ్‌లను నడిపే ఆదేశాలు), డీబీ2 (పట్టికల డేటాబేస్) పని జరుపుకునేంత వచ్చు. ఇప్పుడు నన్ను ఐఎంఎస్ (డేటాను చెట్టు ఆకారంలో దాచి, లావాదేవీలు నడిపే ఐబీఎం వ్యవస్థ) బృందంలో వేశారు. శిక్షణలో కాల్స్ (ప్రోగ్రామ్ ఐఎంఎస్‌ను అడిగే కోరికలు) పేర్లు, స్టేటస్ కోడ్‌ల (కాల్ ఫలితం చెప్పే రెండక్షరాల గుర్తులు) పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమన్నారు గానీ, వాటి వెనుక ఉన్న ఆలోచన ఏమిటో ఎవరూ విడమరచి చెప్పలేదు.

సాధన కోసం మన జిల్లానే నమూనాగా తీసుకుని ఒక చిన్న డేటాబేస్ తయారుచేసుకున్నాను. అన్నిటికంటే పైనున్న రూట్ సెగ్మెంట్ (డేటా ముక్క) జిల్లా, దాని కింద మండలం, మండలం కింద గ్రామం, గ్రామం కింద సర్వే నంబరు, సర్వే నంబరు కింద పట్టాదారు. దీన్ని టెస్ట్ రీజియన్‌లో లోడ్ చేసుకోవడానికి మా లీడ్ అనుమతించారు. కర్నూలు జిల్లా, కల్లూరు మండలం అని జీయూ (గెట్ యూనిక్, అడిగినదాన్ని నేరుగా తెచ్చేది) కాల్ ఇచ్చి, ఆ తర్వాత గ్రామం సెగ్మెంట్ పేరుతో జీఎన్ (గెట్ నెక్స్ట్, తరువాతిది తెచ్చేది) కాల్‌ను లూప్‌లో పెడితే, కల్లూరు గ్రామాలన్నీ వచ్చాక కూడా ఆగకుండా తరువాతి మండలం గ్రామాలు వచ్చేస్తున్నాయి. స్టేటస్ కోడ్ ఖాళీగానే ఉంటోంది, అంటే ఐఎంఎస్ దృష్టిలో అంతా సవ్యంగానే జరిగింది. డేటా లోడ్ కావడంలో తేడా వచ్చిందా, లేక జీఎన్ అర్థమే వేరా?

రెండో సందేహం లావాదేవీల గురించి. ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో మొదటి పీసీబీ (ప్రోగ్రామ్ ఐఎంఎస్‌తో మాట్లాడే నియంత్రణ బ్లాకు) డేటాబేస్‌ది కాకుండా ఐఓ పీసీబీ (సందేశాలకు సంబంధించినది) అయి ఉంటోంది. టెర్మినల్ నుంచి వచ్చిన సందేశాన్ని చదవడానికి కూడా డేటాబేస్‌ను చదివే జీయూ కాల్‌నే వాడుతున్నారు. కమిట్ అనే మాట ప్రోగ్రామ్ మొత్తంలో ఎక్కడా కనబడదు. మరి నేను చేసిన మార్పు ఏ క్షణాన ఖాయమవుతుంది?

వీటికి తోడు, ఆఫీసు లాగిన్ లేని వేళల్లో ఇంట్లోని కంప్యూటర్‌లో సాధన చేసుకునే మార్గం ఏదైనా ఉంటే చెప్పగలరు.

గండికోట_నీడ, కడప

మీ డేటాలో తేడా ఏమీ లేదు. మీ లూప్ ఏమి అడిగిందో ఐఎంఎస్ అదే ఇచ్చింది.

ఎస్‌క్యూఎల్ (డీబీ2 వంటి పట్టికల డేటాబేస్‌లను అడిగే భాష) అలవాటైన వారికి మొదట తట్టని సంగతి ఒకటుంది. అక్కడ మనకు కావలసిన వరుసల లక్షణం చెబితే చాలు, ఎలా వెళ్లి తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది. ఇక్కడ ప్రోగ్రామ్ చెట్టులో ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటుంది, ప్రతి కాల్ ఆ నిలబడిన చోటు నుంచే అర్థం తెచ్చుకుంటుంది. దాన్నే పొజిషన్ అంటారు. ఐఎంఎస్‌లో తొంభై పాళ్ల తికమక పొజిషన్ ఎక్కడుందో తెలియకపోవడం వల్లనే వస్తుందని నా అభిప్రాయం. తహసీల్దారు కార్యాలయంలో ఒక గుమాస్తా మండలాల రిజిస్టరు మీద వేలు పెట్టుకుని గ్రామాల పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడనుకోండి. కల్లూరు గ్రామాలు అయిపోయాక కూడా మీరు "తరువాతి గ్రామం" అనే అడుగుతూ పోతే ఆయన వేలు తరువాతి మండలం పేజీలోకి జరుగుతుంది. జీఎన్ చేసేది అదే. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి సాగే క్రమంలో ముందుకు నడవమనడమే తప్ప, కల్లూరు దాటవద్దని మీరు దానికి ఎక్కడా చెప్పలేదు.

ఆ హద్దు పెట్టే కాల్ జీఎన్‌పీ (గెట్ నెక్స్ట్ వితిన్ పేరెంట్). మీరు జీయూతో కల్లూరు మండలం తెచ్చుకోగానే ఆ సెగ్మెంట్ పేరెంట్‌గా స్థిరపడుతుంది. ఆ తరువాత గ్రామం పేరుతో ఎన్ని జీఎన్‌పీలు ఇచ్చినా ఆ పేరెంట్ కింది గ్రామాలే వస్తాయి, అవి అయిపోగానే స్టేటస్ కోడ్ జీఈ (అడిగినది ఇక దొరకలేదని) వస్తుంది, లూప్ అక్కడ ఆగాలి. ఒక్క జాగ్రత్త: పేరెంట్‌ను స్థిరపరిచేవి జీయూ, జీఎన్ కాల్సే గాని జీఎన్‌పీ కాదు. లూప్ మధ్యలో అదే పీసీబీ మీద ఇంకో జీయూ ఇచ్చారంటే పేరెంట్ మారిపోయి, లూప్ వేరే కొమ్మ మీద నడవడం మొదలుపెడుతుంది.

జీఏ, జీకే అనే స్టేటస్ కోడ్‌లు మీకు ఎందుకు కనబడలేదో కూడా చెబుతాను. జీఏ అంటే పై స్థాయికి ఎక్కామని, జీకే అంటే అదే స్థాయిలో మరో రకం సెగ్మెంట్‌కు వచ్చామని. ఈ రెండూ ఎస్‌ఎస్‌ఏ (ఏ సెగ్మెంట్ కావాలో, ఏ షరతుతో కావాలో కాల్‌కు చెప్పే అక్షరాల వరుస) లేకుండా ఇచ్చిన కాల్స్‌కే వస్తాయి, పైగా అవి లోపాలు కావు. మీరు గ్రామం అని ఎస్‌ఎస్‌ఏ ఇచ్చారు కాబట్టి మండలం మారినా ఐఎంఎస్ మౌనంగానే ఉంది.

ఎస్‌ఎస్‌ఏ రాయడంలో అక్షరాల లెక్క ముఖ్యం. సెగ్మెంట్ పేరుకు సరిగ్గా 8 స్థానాలు. మీ మండలం సెగ్మెంట్ పేరు ఇంగ్లీషులో 6 అక్షరాలైతే మిగిలిన 2 ఖాళీలు ఉండి తీరాలి. కమాండ్ కోడ్‌లేవీ (కాల్ తీరును మార్చే అదనపు అక్షరాలు) వాడనప్పుడు 9వ స్థానంలో కుండలీకరణం తెరవాలి, షరతు లేని ఎస్‌ఎస్‌ఏ అయితే అక్కడ ఖాళీ ఉండాలి. తరువాత ఫీల్డ్ పేరుకు 8 స్థానాలు, పోలిక గుర్తుకు 2, ఆపైన డీబీడీలో (డేటాబేస్ నిర్వచనంలో) ప్రకటించిన పూర్తి పొడవుతో విలువ, చివర కుండలీకరణం మూయాలి. ఈ అమరిక తప్పితే ఏజే, ఫీల్డ్ పేరు తప్పితే ఏకే వస్తాయి. కొత్తవారు ఏజే చూసి డేటాబేస్ చెడిపోయిందని కంగారుపడతారు గానీ, చాలాసార్లు ఒక ఖాళీ అక్షరం తగ్గి ఉంటుంది.

ఐఎంఎస్‌లో ఈ చెట్టు అమరిక ఎందుకుందో తెలియాలంటే అది పుట్టిన అవసరం చూడాలి. అపోలో కార్యక్రమంలో శాటర్న్ 5 రాకెట్‌కు సంబంధించిన లక్షల విడిభాగాల జాబితాను నిర్వహించడానికి రాక్‌వెల్, క్యాటర్‌పిల్లర్ సంస్థలతో కలిసి ఐబీఎం ఐఎంఎస్‌ను రూపొందించింది. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో ఒక టెర్మినల్ మీద "రెడీ" అనే తొలి సందేశం కనబడింది. 1969లో దీనికి ఐఎంఎస్/360 అనే పేరు వచ్చింది. ఒక పెద్ద భాగంలో చిన్న భాగాలు, వాటిలో ఇంకా చిన్నవి ఉండే జాబితాకు చెట్టు ఆకారమే సహజం. ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త రిలేషనల్ (డేటాను పట్టికలుగా చూసే) నమూనాను ప్రతిపాదించిన పత్రం వచ్చింది 1970లో, అంటే పట్టికల ఆలోచన ప్రచారంలోకి రాకముందే ఇది పనిలోకి దిగింది.

పెన్నా_అనంత, అనంతపురం

గండికోట గారు మొదటి ప్రశ్నకు పూర్తిగా సమాధానం చెప్పారు కాబట్టి నేను రెండోదానికి వస్తాను.

టెర్మినల్ నుంచి వచ్చిన సందేశం నేరుగా మీ ప్రోగ్రామ్‌కు రాదు. ఐఎంఎస్‌ను నడిపే కంట్రోల్ రీజియన్ దాన్ని అందుకుని మెసేజ్ క్యూలో పెడుతుంది, ఆ ట్రాన్సాక్షన్ కోడ్‌కు తగిన ప్రోగ్రామ్‌ను ఒక ఎంపీపీ రీజియన్‌లో (ఆన్‌లైన్ సందేశాలకు జవాబిచ్చే ప్రోగ్రామ్‌లు నడిచే చోట) నడిపిస్తుంది. ఐఎంఎస్ ఆ క్యూను కూడా చదవదగిన మరో వనరుగానే మీ ప్రోగ్రామ్ ముందు పెడుతుంది కాబట్టి దానికీ ఒక పీసీబీ, అవే కాల్స్. ఐఓ పీసీబీ మీద జీయూ ఇస్తే తదుపరి సందేశం మొదటి సెగ్మెంట్ వస్తుంది, జీఎన్ ఇస్తే అదే సందేశంలోని మిగిలిన సెగ్మెంట్లు వస్తాయి, అవి అయిపోతే క్యూడీ, క్యూలో సందేశాలే లేకపోతే క్యూసీ. జవాబు పంపడానికి ఐఓ పీసీబీ మీద ఇన్సర్ట్ కాల్ ఇవ్వాలి.

మీరు వెతుకుతున్న కమిట్ ఈ జీయూలోనే దాగి ఉంది. సింగిల్ మోడ్‌గా (సందేశానికొక కమిట్ చొప్పున) నిర్వచించిన ట్రాన్సాక్షన్‌లో ప్రోగ్రామ్ తదుపరి సందేశం కోసం ఐఓ పీసీబీ మీద జీయూ ఇవ్వగానే, అంతకు ముందటి సందేశం తాలూకు పని పూర్తయిందని ఐఎంఎస్ భావించి డేటాబేస్ మార్పులను ఖాయం చేస్తుంది, మీరు ఇన్సర్ట్ చేసిన జవాబును కూడా అప్పుడే టెర్మినల్‌కు వదులుతుంది. ఈ రెండూ ఒకే క్షణానికి ముడిపడి ఉండడమే ఈ వ్యవస్థ గొప్పతనమని నేను నమ్ముతాను. ప్రోగ్రామ్ మధ్యలో అబెండ్ అయితే (అసాధారణంగా ఆగిపోతే) మార్పులు వెనక్కి పోతాయి, జవాబు కూడా రద్దవుతుంది, కాబట్టి "మీ పని జరిగింది" అన్న సందేశం తెర మీద కనబడి లోపల పని జరగని పరిస్థితి రాదు. ఎక్స్‌ప్రెస్‌గా ప్రకటించిన పీసీబీ ద్వారా పంపే సందేశాలు మాత్రం దీనికి మినహాయింపు, అబెండ్ వచ్చినా అవి వెళ్లిపోతాయి.

వెనక్కి పోవడం ఎలా సాధ్యమంటే, మార్పు డిస్క్ మీది డేటాబేస్‌లోకి చేరకముందే దాని వివరం లాగ్‌కు చేరాలన్నది నియమం. పాత రూపం లాగ్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. ఇద్దరు ఒకరి సెగ్మెంట్ కోసం ఒకరు ఎదురుచూస్తూ చిక్కుకుపోతే ఐఎంఎస్ ఒకరిని యూ0777 అబెండ్‌తో ఆపి, మార్పులు వెనక్కి తీసి, ఆ సందేశాన్ని మళ్లీ క్యూలో పెట్టి నడుపుతుంది. యూజర్‌కు కాస్త ఆలస్యం తప్ప ఇదేమీ తెలియదు. లావాదేవీలకు ఉండవలసిన ఏసిడ్ (అవిభాజ్యత, స్థిరత్వం, ఏకాంతత, మన్నిక) అనే నాలుగు గుణాలకు ఆ పేరు పెట్టింది 1983లో, థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్. అప్పటికి ఐఎంఎస్ పనిలోకి దిగి పదిహేనేళ్లు. అందుకే ఏసిడ్ నిర్వచనాలు చదివేటప్పుడు పక్కనే ఒక ఐఎంఎస్ ట్రాన్సాక్షన్ నడక గీసుకుని చూడమని సలహా ఇస్తాను.

బుగ్గవంక, కడప

సాధన గురించి నాలుగు మాటలు. ఇంటి కంప్యూటర్‌లో హెర్క్యులిస్ ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) మీద ఎంవీఎస్ 3.8జే (పాత మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉచితంగా నడుపుకోవచ్చు. జేసీఎల్, డేటాసెట్లు, జాబ్ అవుట్‌పుట్ చదవడం చేతికి బాగా వస్తాయి. దాని మీదే కిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సీఐసీఎస్ (ఐబీఎం వారి మరో లావాదేవీల వ్యవస్థ) తరహా ప్రోగ్రామ్‌లు రాయవచ్చు. ఐఎంఎస్ మాత్రం లైసెన్సు ఉత్పత్తి, అక్కడ దొరకదు. ఐబీఎం వారి జెడ్ ఎక్స్‌ప్లోర్ శిక్షణ వేదికలో నమోదు చేసుకుంటే అసలైన జెడ్/ఓఎస్ (నేటి మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద పాఠాలు ఉచితంగా చేయవచ్చు. ఐఎంఎస్ కోసం ఐబీఎం డాక్యుమెంటేషన్‌లోని ఆసుపత్రి ఉదాహరణ చూడండి. రోగి, జబ్బు, చికిత్స అనే సెగ్మెంట్లతో కాల్స్ అన్నీ దాని మీదే వివరించారు. కాగితం మీద ఆ చెట్టు గీసి, ప్రతి కాల్ తరువాత పొజిషన్ ఎక్కడుందో, స్టేటస్ కోడ్ ఏమి రావాలో ముందే రాసుకుని ఆ తరువాత వివరణ చదివితే ఆఫీసు లాగిన్ లేని లోటు చాలావరకు తీరుతుంది.

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు

అందరికీ కృతజ్ఞతలు. జీఎన్‌పీ పెట్టగానే కల్లూరు చివరి గ్రామం తరువాత జీఈ వచ్చింది. దీనికి కొనసాగింపుగా ఒక ప్రశ్న. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా నుంచి నంద్యాల జిల్లా ఏర్పడింది. నా నమూనాలో బనగానపల్లె, ఆళ్లగడ్డ వంటి మండలాలు ఇంకా కర్నూలు కిందే ఉన్నాయి. డీబీ2లో అయితే మండలాల పట్టికలో జిల్లా కోడ్‌ను ఒక అప్‌డేట్‌తో మార్చేస్తాం. ఇక్కడ ఎలా చేయాలి? అలాగే ఒకే రైతుకు కల్లూరులోనూ కోడుమూరులోనూ పొలం ఉంటే ఆయన పేరు రెండు చోట్లా రాయవలసిందేనా?

గండికోట_నీడ, కడప

చాలా మంచి ప్రశ్న వేశారు, చెట్టు నమూనా బలమూ బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి. మండలం ఏ జిల్లాకు చెందుతుందన్నది మీ డేటాబేస్‌లో ఒక ఫీల్డ్ కాదు, అది ఆ సెగ్మెంట్ ఉన్న చోటే. చోటును రీప్లేస్ కాల్‌తో మార్చలేము. కీ ఫీల్డ్‌ను మార్చి రీప్లేస్ ఇచ్చినా డీఏ కోడ్‌తో తిరస్కరిస్తుంది. కాబట్టి బనగానపల్లె మండలాన్ని, దాని కింది గ్రామాలు, సర్వే నంబర్లు, పట్టాదారులతో సహా చదివి, నంద్యాల రూట్ కింద ఇన్సర్ట్ చేసి, ఆ తరువాత కర్నూలు కింది మండలాన్ని గెట్ హోల్డ్‌తో (మార్చడానికో తీసేయడానికో ముందు చదివే కాల్‌తో) తెచ్చి డిలీట్ చేయాలి. పేరెంట్‌ను డిలీట్ చేస్తే దాని కిందివన్నీ పోతాయి కాబట్టి గ్రామాలను విడివిడిగా తీసేయనక్కరలేదు. అదే కారణం చేత, ఇన్సర్ట్‌లన్నీ సరిగా పడ్డాయని స్టేటస్ కోడ్‌లు చూసి నిర్ధారించుకోకుండా డిలీట్ జోలికి పోకూడదు.

దీనికి పీఎస్‌బీలో (ప్రోగ్రామ్‌కు ఉండే పీసీబీల నిర్వచనంలో) ఒకే డేటాబేస్‌కు రెండు పీసీబీలు పెట్టించుకోండి. పొజిషన్ పీసీబీకి ఒకటి చొప్పున ఉంటుంది. ఒకదానితో కర్నూలు కొమ్మలో చదువుతూ, రెండోదానితో నంద్యాల కొమ్మలో రాస్తే, రాయడం వల్ల చదివే చోటు చెదరదు.

ఇక రైతు సంగతి. వట్టి చెట్టులో అయితే ఆయన వివరాలు రెండు చోట్లా పడతాయి. దాన్ని తప్పించడానికే లాజికల్ రిలేషన్‌షిప్‌లు ఉన్నాయి: రైతుల వివరాలు వేరే డేటాబేస్‌లో ఒకే ఒక్కసారి ఉంచి, సర్వే నంబరు కింద దానికి పాయింటర్ ఉన్న లాజికల్ చైల్డ్ పెడతారు. అది డేటాబేస్ నిర్వాహకుడితో (డీబీఏ) కూర్చుని చేసే డిజైన్ పని, ప్రోగ్రామ్ స్థాయిలో తేలేది కాదు.

పెన్నా_అనంత, అనంతపురం

మండలాల బదిలీకి లావాదేవీల వైపు నుంచి చేర్చవలసినది ఉంది. ఇది ఎంపీపీలో చేసే పని కాదు, బీఎంపీగా (ఆన్‌లైన్ డేటాబేస్‌ను వాడే బ్యాచ్ ప్రోగ్రామ్‌గా) నడపాలి. అన్ని మండలాలూ అయ్యాక ఒకేసారి కమిట్ చేద్దామనుకుంటే అంతసేపూ లాక్‌లు పట్టుకుని కూర్చుంటారు, ఆన్‌లైన్‌లో ఆ సర్వే నంబర్లు చూడవలసిన వారందరూ ఆగిపోతారు. అలాగని గ్రామానికొక కమిట్ పెడితే మధ్యలో ప్రోగ్రామ్ ఆగినప్పుడు ఆ మండలం రెండు జిల్లాల్లోనూ సగం సగంగా కనబడుతుంది. ఒక మండలం చదవడం, రాయడం, తీసేయడం అన్నీ కలిపి ఒకే యూనిట్ ఆఫ్ వర్క్‌గా పెట్టి, దాని చివర చెక్‌పాయింట్ కాల్ (అంతవరకు జరిగినదాన్ని కమిట్ చేసేది) ఇవ్వడం మీ పరిమాణానికి సరిపోతుంది.

చెక్‌పాయింట్ తరువాత డేటాబేస్ పొజిషన్ పోతుందన్నది మరిచిపోకండి. తదుపరి మండలానికి రెండు పీసీబీల మీదా కొత్తగా జీయూ ఇచ్చి మొదలుపెట్టాలి. బదిలీ కావలసిన మండలాల కోడ్‌లను ఒక ఫైల్‌లో పెట్టి జీశామ్ (మామూలు ఫైళ్లను ఐఎంఎస్ కాల్స్‌తో చదివే పద్ధతి) ద్వారా చదివించండి. ప్రోగ్రామ్ మొదట్లో ఎక్స్‌ఆర్‌ఎస్‌టీ (రీస్టార్ట్) కాల్ ఉండి, చెక్‌పాయింట్లు సింబాలిక్ (రీస్టార్ట్‌కు కావలసిన వివరాలు దాచే) రకానివైతే, రీస్టార్ట్ చేసినప్పుడు ఆ ఫైల్‌ను ఐఎంఎస్ తానే సరైన కోడ్ దగ్గరికి తెచ్చి పెడుతుంది. బనగానపల్లె పూర్తయి ఆళ్లగడ్డ మధ్యలో ఆగి ఉంటే, ఆళ్లగడ్డకు చేసిన సగం పని వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి మళ్లీ ఆళ్లగడ్డ మొదటి గ్రామం నుంచే నడుస్తుంది.