అడవి జంతువు పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉండాలో తేల్చేది తిండేనా?

రేగడి_నేల:
నిన్న మా తమ్ముడితో గంటసేపు వాదన. వాడు బయోటెక్నాలజీ చదువుతున్నాడు. అడవి జంతువుల పేగుల్లో ఏ బ్యాక్టీరియా చేరాలన్నది పుట్టుకతోనే జన్యువుల్లో రాసి ఉంటుందని వాడి మాట. నేను ఒప్పుకోను. తిండే అసలు కారణం. 2008లో రూత్ లే అనే శాస్త్రవేత్త బృందం 60 జాతుల క్షీరదాల మలాన్ని పరీక్షించింది. మాంసం తినేవాటిలో బ్యాక్టీరియా రకాలు తక్కువ, అన్నీ తినేవాటిలో ఇంకాస్త ఎక్కువ, గడ్డీ ఆకూ మేసేవాటిలో అన్నిటికంటే ఎక్కువ. కారణం కూడా తెలిసేదే. గడ్డిలోని సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమును ఆవు గానీ ఏనుగు గానీ సొంతంగా తయారు చేసుకోలేవు. ఆ పని బ్యాక్టీరియానే చేసిపెట్టాలి. కాబట్టి నోట్లోకి ఏం వెళ్తుందో దాన్నిబట్టే లోపల ఎవరు బతుకుతారో తేలుతుంది. కాదన్నవాళ్లు ఆధారంతో చెప్పండి, వింటాను.

కొండవాగు:
అదే పరిశోధనలో పాండా సంగతి చూశారా అండీ? పాండా తినేది దాదాపు అంతా వెదురే. అయినా దాని పేగు బ్యాక్టీరియా గడ్డి మేసే జంతువుల పక్కన చేరలేదు, ఎలుగుబంట్లూ ఇతర మాంసాహారుల పక్కన చేరింది. పాండా ఎలుగుబంటి కుటుంబానిది. పేగు పొట్టిది, ఆవుకున్నట్టు నాలుగు అరల కడుపు లేదు. తిన్న వెదురు కొన్ని గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది, అందులో అరిగేది 17 శాతం దాకానే. వెదురు తినడం మొదలై లక్షల ఏళ్లయింది. అంతా తిండే తేలిస్తే ఈపాటికి పాండా కడుపు ఆవు కడుపులా ఉండాలి. నన్నడిగితే ముందు చూడాల్సింది తిండిని కాదు, ఆ తిండి పడే పాత్రను. ఆ పాత్ర తాతముత్తాతల నుంచి వచ్చింది.

ఇంకొకటి. ఆ 60 జాతుల్లో చాలా నమూనాలు జూలలోవి. 2016లో డూక్ కోతులనూ హౌలర్ కోతులనూ అడవిలోనూ జూలోనూ పోల్చి చూశారు. జూలో ఉన్నవాటి బ్యాక్టీరియా మనుషుల బ్యాక్టీరియా వైపు జరిగిపోయింది. అడవి జంతువు గురించి మాట్లాడాలంటే అడవిలోనే చూడాలి.

రేగడి_నేల:
జూకి వెళ్లినంత మాత్రాన కోతి జన్యువులు మారవు కదండీ, మారింది తిండే. ఆ ఉదాహరణ నా వైపే ఉంది. పాండాకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

చిత్తడి_పిట్ట:
మీరిద్దరూ ఒక జాతికీ ఇంకో జాతికీ మధ్య తేడా గురించి మాట్లాడుతున్నారు. ఒకే జాతి, ఒకే అడవి, ఒకే మేత. అయినా రెండు జంతువుల పేగులు ఎందుకు వేరుగా ఉంటాయి? నాకు ఆసక్తి అక్కడ.

కెన్యాలో కిలిమంజారో దగ్గర అంబోసెలి అనే ప్రాంతంలో 1971 నుంచి బబూన్ కోతులను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, ఏది దేని బిడ్డో, ఏది దేనితో తిరుగుతుందో రాసి పెడుతున్నారు. 2015లో జెన్నీ టంగ్, ఎలిజబెత్ ఆర్చీ బృందం అక్కడి రెండు మందల్లో 48 బబూన్ల మలాన్ని చూసింది. ఒకదానికొకటి పేలు చూసుకునే కోతుల బ్యాక్టీరియా దగ్గర దగ్గరగా ఉంది. తిండినీ చుట్టరికాన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ పోలిక నిలిచింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెత ఇక్కడ పేగుల దాకా వెళ్లింది. నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. అలా స్నేహంతో పంచుకునే బ్యాక్టీరియాలో గాలి సోకితే బతకలేనివి, గట్టి సిద్ధబీజాలు కట్టుకోలేనివి ఎక్కువ. మట్టిలో పడి రోజుల తరబడి కాచుకుని ఉండే శక్తి వాటికి లేదు. ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి నేరుగా చేరాల్సిందే. పేలు చూసుకోవడమే వాటికి దారి అయ్యుండాలి.

సుబాబుల్_గట్టు:
నేను పశువైద్యంలో ఉన్నాను, మాది ప్రకాశం జిల్లా. మా వైపు కాగితం మిల్లుల కోసం సుబాబుల్ వేస్తారు. దాని ఆకులో మిమోసిన్ అనే విషం ఉంటుంది. అలవాటు లేని పశువు ఎక్కువగా తింటే వెంట్రుకలు ఊడతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. ఆస్ట్రేలియాలో ఈ చెట్టును మేతకు పెంచి రైతులు ఇబ్బంది పడ్డారు. హవాయిలో మేకలు అదే ఆకు తిని నిక్షేపంగా ఉన్నాయని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించారు. 1980లలో ఆ మేకల కడుపులోని బ్యాక్టీరియాను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు పట్టించారు. విషం బాధ తగ్గింది. తర్వాత ఆ బ్యాక్టీరియాకు సినర్జిస్టిస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, ఆస్ట్రేలియాలో ఆకు ఉంది, పశువు ఉంది, లేనిది ఆ బ్యాక్టీరియా. తిండి ఉన్నవాటిలోంచి ఏరుకుంటుంది, అంతే. లేనిదాన్ని పుట్టించలేదు. రేగడి గారి వాదనలో నాకు కనిపించే లోటు ఇదే.

కొండవాగు:
ఉదాహరణ బాగుంది డాక్టర్ గారూ, కానీ అవి పెంపుడు పశువులు. మనిషి చెయ్యి పడినవి.

చిత్తడి_పిట్ట:
అడవి జంతువుల్లోనూ చూశారండీ. అమెరికాలోని మొహావి ఎడారిలో వుడ్‌రాట్ అనే ఎలుక క్రియొసోట్ పొద ఆకులు తింటుంది. ఆ ఆకు నిండా విషపు జిగురు. కెవిన్ కోల్, డెనిస్ డియరింగ్ 2014లో ఈ ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇచ్చి బ్యాక్టీరియాను తగ్గిస్తే, అవి ఆ ఆకును తట్టుకోలేక బరువు తగ్గిపోయాయి. ఆ పొద ఎరగని చోటి ఎలుకలకు మొహావి ఎలుకల మలం మేతలో కలిపి పెడితే, అవి ఆ విషాన్ని తట్టుకున్నాయి. జన్యువులు మారలేదు, తాతముత్తాతలు మారలేదు.

మొలక:
ఆ తమ్ముణ్ణి నేనే. అన్నయ్య నా మాట సగమే చెప్పాడు. అదే అంబోసెలి నుంచి 2021లో వచ్చిన ఫలితం చూడండి. 585 బబూన్లు, 14 ఏళ్లు, 16,234 నమూనాలు. బ్యాక్టీరియాకు సంబంధించి లెక్కగట్టిన లక్షణాల్లో 97 శాతం వంశపారంపర్యంగా వస్తున్నాయి. 97 శాతం అంటే ఇంకేం మిగిలింది?

చిత్తడి_పిట్ట:
తమ్ముడూ, ఆ అంకె దగ్గరే చాలామంది పొరబడతారు. 97 శాతం లక్షణాల్లో జన్యువుల పాత్ర ఎంతో కొంత కనిపించిందని దాని అర్థం. ఆ పాత్ర ఎంత అంటే, ఒక కోతికీ ఇంకో కోతికీ మధ్య కనిపించే తేడాలో సగటున 7 శాతం లోపే. అంత చిన్న పాత్రను పట్టుకోవడానికే అన్నేళ్ల నమూనాలు కావాల్సి వచ్చాయి.

కానీ నువ్వు చెప్పింది తీసిపారేసేది కాదు. పొడి కాలంలో, తినే రకాలు తగ్గినప్పుడు, జన్యువుల పాత్ర పెరుగుతోందని వాళ్లే చూపించారు. ఒకే మడిలో ఒకే ఎరువు వేసి పెంచితేనే రెండు వంగడాల తేడా బయటపడుతుంది కదా, అలాగే. ఇంకో వైపు, 2019లో ఆర్చీ బృందమే కెన్యాలో రెండు బబూన్ జాతులు కలిసిపోయే ప్రాంతంలో 14 చోట్ల చూసింది. అక్కడ పేగు బ్యాక్టీరియాలో తేడాను చెప్పింది కోతి జాతి కాదు, కింద ఉన్న నేల స్వభావం. విత్తనమా నేలా అని అడిగితే, ఆ పొలంలో ఆ ఏడు ఏది ఎక్కువగా మారిందో చూడాలి.

మొలక:
7 శాతం సంగతి నేను సరిగ్గా చదవలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా తల్లి నుంచి బిడ్డకు వచ్చేది వంశమే కదండీ?

సుబాబుల్_గట్టు:
తల్లి నుంచి వచ్చిందల్లా జన్యువుల ద్వారానే రావాలని లేదు బాబూ. కోలా పిల్ల పాలు మాని ఆకులకు మారే ముందు, తల్లి వదిలే ఒకరకం మెత్తటి మలాన్ని తింటుంది. ఆకు అరిగించే బ్యాక్టీరియా దానికి అలాగే చేరుతుంది. వారసత్వమే, కానీ జన్యువు కాదు.

కోలా పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆస్ట్రేలియాలో కేప్ ఆట్‌వే దగ్గర కోలాలు బాగా పెరిగి, తమకు ఇష్టమైన మన్నా గమ్ చెట్లను మోడు చేసేశాయి. 2013లో చాలా కోలాలు ఆకలితో చచ్చిపోయాయి. దగ్గర్లోనే మెస్‌మేట్ అనే ఇంకో రకం యూకలిప్టస్ ఉంది. అయినా వాటిలో చాలావరకు దాన్ని ముట్టలేదు. తర్వాత పరిశోధకులు మెస్‌మేట్ తినే కోలాల మలంలోని బ్యాక్టీరియాను క్యాప్సూల్స్‌లో పెట్టి, పట్టి తెచ్చిన అడవి కోలాలకు మింగించారు. 2019లో ఫలితం వచ్చింది. ఏ కోలా పేగులో బ్యాక్టీరియా ఎంత మారిందో, అది మెస్‌మేట్ అంత ఎక్కువగా తింది. తిండి బ్యాక్టీరియాను తేలుస్తుందని మొదలుపెట్టాం. ఇక్కడ బ్యాక్టీరియానే తిండిని తేలుస్తున్నట్టుంది. పక్కనే ఆకు పెట్టుకుని అవి మాడి చచ్చిపోయాయన్నది తలచుకుంటే పశువైద్యుడిగా నాకు చాలా బాధగా ఉంటుంది.

రేగడి_నేల:
ఈ కోలా సంగతి నాకు తెలియదు డాక్టర్ గారూ. రాత్రి రెండుసార్లు చదివాను. తిండే అంతా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కటి వదలను. ఆ క్యాప్సూల్ మింగిన కోలాను మెస్‌మేట్ లేని అడవిలో వదిలితే, ఆ బ్యాక్టీరియా ఏం తిని బతుకుతుంది? కొండవాగు గారు కడుపనే పాత్ర అన్నారు, చిత్తడి గారు సావాసం అన్నారు, మీరు తల్లి అన్నారు. అవన్నీ బ్యాక్టీరియాను లోపలికి తెచ్చే దారులు. వచ్చినదాన్ని నిలబెట్టేది ఆకేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

కొండవాగు:
నిలబెట్టేది ఆకైతే పాండా కడుపులో వెదురు ఇన్నాళ్లు ఎవర్నీ ఎందుకు నిలబెట్టలేదు? నా ప్రశ్న ఇంకా అక్కడే ఉందండీ.