రొమాంటిక్ కామెడీలు మన ప్రేమల్ని పాడుచేస్తున్నాయా?

సాయంకాలం:
పుట్టినరోజుకి ఏం కావాలో మా ఆయనకి చెప్పలేదు. ప్రేముంటే చెప్పకుండానే తెలియాలి కదా అని రాత్రి దాకా మొహం మాడ్చుకుని కూర్చున్నా. ఆయనేమో "ఆఫీసులో ఏమైనా గొడవా?" అన్నారు. ఈ పిచ్చి చిన్నప్పట్నుంచీ చూసిన రొమాంటిక్ కామెడీల వల్లే పట్టిందని నా అనుమానం. మీరేమంటారు?

గళ్ళచొక్కా:
అనుమానమెందుకు? ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో ఈ మాటే చెప్పారు. ఆ సినిమాలంటే ఇష్టపడేవాళ్ళలో 'మనసులో మాట తనంతట తనే పసిగట్టాలి' అన్న ఆశ ఎక్కువట. నాకు అంతకన్నా భయం హీరో పట్టుదలంటేనే. వద్దన్న అమ్మాయి పనిచేసే చోటికెళ్ళి నిలబడతాడు. మంచి మ్యూజిక్ వస్తుంది కాబట్టి మనం నవ్వుతాం. ఒక్కసారి సౌండ్ తీసేసి ఆ సీన్ చూడండి. మిషిగన్ యూనివర్సిటీలో జూలియా లిప్‌మన్ చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. వెంటపడటాన్ని ముద్దుగా చూపే సినిమా చూసిన ఆడవాళ్ళు, భయపెట్టేలా చూపే సినిమా చూసినవాళ్ళకన్నా వేధింపుల్ని తేలిగ్గా తీసుకున్నారు.

రెండోమాట:
రెండోది ఒప్పుకుంటా. మొదటిదానితోనే పేచీ. అలాంటి ఆశలున్నవాళ్ళే ఏరికోరి ఆ సినిమాలకి వెళ్తున్నారేమో! అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 174 కొత్త జంటలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని జంటలు నెలపాటు వారానికో సినిమా చూసి, దాని గురించి మాట్లాడుకున్నాయి. మూడేళ్ళలో వాళ్ళలో విడిపోయినవి 11 శాతం. ఏమీ చేయనివాళ్ళలో 24 శాతం. తప్పు సినిమాది కాదు, చూశాక నోరు విప్పని మనది.

గళ్ళచొక్కా:
అసలు సంగతి వదిలేశారు. వాళ్ళు ఎంచుకున్నవి దాంపత్యం మీద తీసిన సినిమాలు. ప్రేమలో పడే కథల్ని కావాలనే పక్కన పెట్టారు. మన రొమాంటిక్ కామెడీ పెళ్ళి దగ్గరికొచ్చేసరికే శుభం కార్డు వేసేస్తుంది. బిల్లులెవరు కట్టాలన్న గొడవ ఏ హీరోకి వచ్చింది చెప్పండి?

సాయంకాలం:
నిన్న రాత్రి ఓ సినిమా పెట్టి, హీరో ఎయిర్‌పోర్టులో పరిగెత్తే చోట ఆపి, "మీరైతే వస్తారా?" అనడిగా. "పరుగెందుకు, ముందే ఫోన్ చేస్తా కదా" అన్నారు. నవ్వొచ్చింది, కాస్త ఉడుకుమోత్తనం కూడా. ఈసారి వాచీ కావాలని మాత్రం చెప్పేశా. ఏ రంగో చెప్పలేదు, చూద్దాం.