రూత్ ఫస్ట్ గురించి 20 నిమిషాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
బెంగళూరు మారతహళ్ళిలో తెలుగువాళ్ళ నెలవారీ చదువరుల సమావేశం. దక్షిణాఫ్రికా జర్నలిస్టు రూత్ ఫస్ట్ (1925–1982) మీద ప్రసంగం. వచ్చేవాళ్ళలో చాలామంది ఆమె పేరే విని ఉండరు. పార్సిల్ బాంబుతో చంపిన ఘట్టంతో ఎత్తుకుంటే పట్టుంటుందా?

జవాబు 1:
వద్దండీ. చావుతో ఎత్తుకుంటే ఇక ఎవరి మనసూ ఆమె రాతల మీదికి రాదు. దక్షిణాఫ్రికాలోని బేతల్ అనే ఊరి బంగాళాదుంప పొలాలతో మొదలుపెట్టండి. 1947లో మైకేల్ స్కాట్ అనే పాదిరితో కలిసి అక్కడి కూలీల బతుకును బయటపెట్టారామె. ఒంటి మీద బట్టల్లేవు, గోనెసంచులే. అసలు ఆ కూలీలు అక్కడికి ఎలా చేరారో విడమరచి చెప్పాలి: ఊళ్ళో పాసు (నల్లవాళ్ళు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రం) చూపించలేక పట్టుబడ్డ నల్లవాళ్ళకి కేసు తప్పిస్తామని ఆశచూపి పొలాలకు తోలేవారు. అంటే పాసు చట్టమే రైతులకు కూలీల్ని సరఫరా చేసింది. 1959లో జనం బంగాళాదుంపలు కొనడం మానేసి నిరసన తెలపడం వెనక ఇలాంటి రాతలున్నాయి. సగం సమయం దీనికే ఇవ్వండి, ఎక్కువేమీ కాదు.

జవాబు 2:
పత్రిక పేరు దగ్గర జాగ్రత్త. ఆమె రాసిన గార్డియన్ ఇంగ్లండుది కాదు, 1937లో కేప్‌టౌన్‌లో పుట్టిన వారపత్రిక. ఈమె జొహానెస్‌బర్గ్ ఆఫీసు చూసేవారు. 1952లో దాన్ని నిషేధిస్తే క్లారియన్, ఆపైన పీపుల్స్ వరల్డ్, అడ్వాన్స్. 1954లో అడ్వాన్స్‌ని ఆపితే న్యూ ఏజ్. 1962లో అదీ పోతే స్పార్క్. పేరు మారినా రాసే చేతులు అవే. చివరికి ఆ చేతుల్నే కట్టేశారు: సిబ్బంది రాయకూడదని ఆంక్షలు పెట్టడంతో 1963లో స్పార్క్ ఆగిపోయింది.

జవాబు 3:
జైలు లెక్క చాలామంది తప్పు చెబుతారు. విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే చట్టం కింద 1963 ఆగస్టులో పట్టుకున్నారు. గడువు తీరాక వదిలినట్టే వదిలి వెంటనే మళ్ళీ లోపలేశారు. అందుకే మొత్తం 117 రోజులు, ఆమె పుస్తకం పేరూ అదే. 1964లో బ్రిటన్ వెళ్ళిపోయారు, తర్వాత డరమ్‌లో పాఠాలు చెప్పారు. చంపింది మొజాంబిక్‌లో, మపూటో విశ్వవిద్యాలయంలోని ఆమె ఆఫీసు గదిలో, 1982 ఆగస్టు 17న. ఆ పార్సిల్ బాంబు పంపింది దక్షిణాఫ్రికా పోలీసులు. ఆ కేసులో పోలీసు గూఢచారి క్రెగ్ విలియమ్సన్‌కి 2000లో క్షమాభిక్ష దొరికిందని కూడా చెప్పండి, దాచాల్సిన సంగతి కాదు.

దక్షిణాఫ్రికా కమ్యూనిస్టు నాయకుడు జో స్లోవో భార్య అని పరిచయం చేయకండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు:
బేతల్‌కి 10 నిమిషాలు పెట్టేశానండీ. పోస్టరు తెలుగులోనూ కన్నడలోనూ వేస్తున్నాం.

జవాబు 1:
అయితే ‘ఫస్ట్’ ఆమె ఇంటిపేరని పోస్టరు మీదే రాయండి. లేకపోతే రూత్ అనే ఆవిడ దేంట్లోనో ఫస్ట్ వచ్చిందనుకుంటారు.