సింగపూర్‌లో యుద్ధఖైదీ అయిన మా చినతాతయ్య వివరాలు ఎలా వెతకాలి?

మాది కోనసీమ, రాజోలు దగ్గర పల్లెటూరు. మా తాతయ్య తమ్ముడు బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ఇంజనీరింగ్ దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు జపాన్ సైన్యానికి చిక్కి, ఖైదీగానే చనిపోయారు. ఎక్కడ, ఏ తేదీన అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లి కాకముందే వెళ్లిపోయారు, తలుచుకోవడానికి మేమే ఉన్నాం. తిథి తెలియక మహాలయ అమావాస్యకే తర్పణం వదులుతున్నాం.

1996 నవంబరు తుఫానులో ట్రంకుపెట్టె మునిగిపోయాక మిగిలింది ఒక్క కార్డు. సర్వీసు నంబరులో మొదటి మూడంకెలు కనిపిస్తున్నాయి, మిగతాచోట సిరా అలుక్కుపోయి నీలం మరక ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచి చూసినా లాభం లేదు.

యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు, సమాధుల వివరాలు ఉంచే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఇంటిపేరుతో వెతికితే ఏమీ రావట్లేదు, ఉత్త పేరుతో వెతికితే చాలామంది వస్తున్నారు. సింగపూర్‌లోని క్రాంజీ యుద్ధ శ్మశానంలో, దహనం చేసినవాళ్లకు విడిగా స్మారకం ఉందంటే ఆ జాబితా కూడా చూశాను. కొందరు సిపాయిల పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు ఉన్నాయి, మావాళ్లది కనబడలేదు. రికార్డుల ఆఫీసుకు రాస్తే పూర్తి నంబరు కావాలన్నారు.

నంబరు సగమే ఉన్నప్పుడు, తండ్రి పేరు, ఊరి పేరుతో ఖైదీల వివరాలు వెతికే వీలు ఎక్కడ ఉంది?