దేశానికి పలుకుబడి తెచ్చేది పాటలా, చదువులా?

ప్రశ్న:
సైన్యం, డబ్బు లేకుండా ఆకర్షణతోనే ఇతరులను తనవైపు తిప్పుకునే శక్తికి 1990లో అమెరికా రాజనీతి పండితుడు జోసెఫ్ నై 'సాఫ్ట్ పవర్' అని పేరు పెట్టారు. నా దృష్టిలో అందులో సంస్కృతిదే పైచేయి. కొరియా పాటల పిచ్చితో కొరియన్ భాష నేర్చుకునేవాళ్లు ఎంతమందో! విదేశీ విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్పుల డబ్బు కళల మీద పెడితే మేలు కదా?

మొదటి జవాబు:
నేను ఒప్పుకోనండి. పాట నచ్చినవాడికి ఆ దేశం మాట కూడా నచ్చాలని ఏమీ లేదు. చదువుకోడానికి వెళ్లినవాడు అక్కడ ఏళ్ల తరబడి బతుకుతాడు. చైనాలో విదేశీయులకు వ్యతిరేకంగా లేచిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత, ఆ దేశం నుంచి నష్టపరిహారంగా ఎక్కువ వసూలైన సొమ్మును అమెరికా వెనక్కిచ్చింది, చైనా విద్యార్థుల చదువుకు వాడాలన్న షరతుతో. 1911లో మొదలైన ఛింగ్‌హ్వా విద్యాసంస్థకు మూలం ఆ సొమ్మే. 1910లో ఆ డబ్బుతోనే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరిన చైనా విద్యార్థి హు షి, 1938లో అమెరికాకు చైనా రాయబారిగా వెళ్లారు. ఏ పాట ఇంత పని చేసింది చెప్పండి?

రెండో జవాబు:
ఒకవైపే చూస్తున్నారు. ఈజిప్టు రచయిత సయ్యద్ కుతుబ్ 1948లో అమెరికా వెళ్లి, 1950లో ఆ సమాజం మీద ఏవగింపుతో తిరిగొచ్చారు. దగ్గరగా చూస్తే ప్రేమే పుడుతుందని ఎవరు చెప్పగలరు?

మొదటి జవాబు రాసిన వ్యక్తి:
నిజమే, కాదనను. నేనూ పరాయి దేశంలో స్కాలర్‌షిప్ మీదే చదివాను. ఏటా నివాస అనుమతి పొడిగింపు కోసం తెల్లవారుజామున నాలుగింటికే చలిలో లైన్లో నిలబడేవాణ్ణి. ఒకసారి కౌంటర్లో ఉన్నాయన తలైనా ఎత్తకుండా నా కాగితాలు వెనక్కి తోసేశాడు. ఆ టెన్షన్‌తో వారం రోజులు పుస్తకం ముట్టలేదు. అదే ఊళ్లో మా గైడ్, తన సిద్ధాంతాన్నే తప్పుపడుతూ నేను రాసిన అధ్యాయంలో ఒక్క వాక్యం కూడా కొట్టేయలేదు. "నీ ఆధారాలు ఇంకా గట్టిగా ఉండాలి" అని మరో నాలుగు పుస్తకాలు చేతిలో పెట్టారు. నాకు ఆ దేశం మీద గౌరవం కలిగింది అక్కడే.

విదేశాల్లో చైనా భాష, సంస్కృతి నేర్పడానికి చైనా పెట్టిన కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ల విషయంలో పేచీ వచ్చిందీ ఇలా ఎదురు చెప్పే స్వేచ్ఛ దగ్గరే. 2004లో సియోల్‌తో మొదలై ఎన్నో దేశాలకు పాకాయి. ఏం మాట్లాడాలో చైనా ప్రభుత్వం నిర్ణయిస్తోందన్న అనుమానాలు పెరిగాక అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు వాటిని మూసేశాయి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
మీ గైడ్ సంగతి చదివాక స్కాలర్‌షిప్పుల డబ్బు తీసేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ విదేశానికి వెళ్లగలిగేది కొద్దిమందే. మిగతావాళ్లను ఆ దేశం దాకా తీసుకెళ్లేది ఇప్పటికీ పాటేనంటాను.